ఓడలో ఊరిన నీరు

సముద్రయాన చరిత్ర యనగానే మనకు తుపానులు, కెరటములు, క్రొత్త ద్వీపములు, శత్రువుల ఫిరంగులు జ్ఞాపకమునకు వచ్చును. నావికుని నిత్యశత్రువు మాత్రము వీనిలో ఏదియు కాదు. అది ఓడ యడుగున, చీకటిలో, చప్పుడు చేయక ఊరుచుండెడి నీరు. తుపాను ఎప్పుడో ఒకప్పుడు వచ్చును. ఊట రేయింబవళ్ళు వచ్చుచునే యుండును. కొయ్య ఓడల కాలమంతయు, అనగా మానవుడు సముద్రముపై తిరిగిన కాలములో అత్యధికభాగము, ఈ నీటితో జరిగిన పోరాటమే. ఆ పోరాటమును గురించి, అందును పాతబడిన ఓడలో నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో కనిపెట్టిన తీరును గురించి, జరిగిన సంఘటనల ఆధారముతో ముచ్చటించుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఓడ యనగా బల్లల కూర్పు. కూర్పు ఉన్నచోట సందు తప్పదు. సందు ఉన్నచోట నీరు రాక తప్పదు. ఈ సందును మూయుటకు రెండు ముఖ్యమైన సంప్రదాయములు ఏర్పడెను. ఒకటి హిందూమహాసముద్ర తీరవాసులది. వీరు బల్లల అంచులకు బెజ్జములు వేసి, కొబ్బరిపీచు త్రాడుతో బట్టను కుట్టినట్లు కుట్టిరి. మన తూర్పుతీరమున, కెరటములు విరిగిపడుచోట, సరకులను మనుష్యులను ఒడ్డునకు చేర్చిన మసూలా పడవ ఈ జాతిదే. దానికి లోపల వంపుదూలములు లేవు. కుట్టు క్రింద ఎండుగడ్డినో, పీచునో మెత్తవలె పెట్టి త్రాటిని బిగించెడివారు. మేకులతో బిగించిన పడవ ఇసుకకు కొట్టుకొని పగిలిపోవుచోట ఈ పడవ వెదురుబుట్టవలె వంగి నిలిచెడిది. నీరు మాత్రము వచ్చుచునే యుండెడిది. దానిని తోడిపోయుట పడవపనిలో ఒక భాగము. కుట్టు సడలినప్పుడు త్రాడు విప్పి మరల కుట్టెడివారు. ఊటను నిర్మూలింపక, దానితో ఒడంబడిక చేసికొని బ్రతికిన పద్ధతి యిది.

రెండవది ఐరోపావారి సంప్రదాయము. వారు మొదట మందపు దూలములతో ఓడకు అస్థిపంజరమువంటి కట్టడమును నిలిపి, దానిపై బల్లలను మేకులతో బిగించిరి. బల్లకు బల్లకు నడుమనున్న సందులో, పాతత్రాళ్ళను విప్పి తీసిన నారను మొద్దు ఉలితో, కొయ్యసుత్తితో దట్టించి, దానిపై కాచిన తారు పోసెడివారు. నీట నానిన బల్ల ఉబ్బి ఆ నారను మరింత బిగించును. క్రొత్త ఓడకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోవును. కాని ఓడ ఇల్లువలె కదలక నిలుచు కట్టడము కాదు. ప్రతి కెరటమునకును అది కొంచెము వంగును, కొంచెము మెలిపడును. ఏండ్లు గడిచిన కొలది మేకుల బెజ్జములు వదులగును, ఇనుము త్రుప్పుపట్టును, నార కుళ్ళును, నీటికి పైనున్న బల్లలు ఎండకు ముడుచుకొనును. ఒకనాడు బిగించిన సందు మరియొకనాడు నోరు తెరచును.

పాత ఓడలో నీరు ఊరుట వింత కాదు. అది ఎక్కడనుండి ఊరుచున్నదో తెలిసికొనుటయే కష్టము. పెంకుటిండ్లలో కాపురమున్నవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వానచుక్క పడిన తావునకు సరిగా పైనున్న పెంకు తరచుగా బాగుగనే యుండును. పగిలిన పెంకు వెన్నుగాడి దగ్గర ఎక్కడనో ఉండును. నీరు వాసము వెంట జారివచ్చి తనకు వీలైన చోట క్రింద పడును. ఓడయందును అంతే. వెలుపలి బల్లలకు లోపల మరియొక వరుస బల్లలు ఉండును. ఈ రెండు వరుసల నడుమ, దూలముల సందున, నీరు ప్రయాణము చేసి అన్నిటికంటె పల్లమైన చోటికి చేరును. ముక్కు దగ్గర ప్రవేశించిన నీరు నడుమ కనబడును.

అందుచేత అనుభవజ్ఞులైన నావికులు మొదట చిల్లిని వెదకుటకు తొందరపడెడివారు కారు, నీటిని కొలిచెడివారు. పంపు దింపిన గుంటలోనికి కొలతకడ్డీని దించి, గంటకు ఎన్ని అంగుళములు పెరుగుచున్నదో చూచెడివారు. ఓడ నిలిచియున్నప్పుడు ఎంత, నడచుచున్నప్పుడు ఎంత, ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు ఎంత, అను లెక్కలే చిల్లి జాడను తెలిపెడివి. ఓడ కుడికి ఒరిగినప్పుడు ఊట తగ్గినచో, చిల్లి ఎడమవైపున నీటిమట్టమునకు సమీపమున ఉన్నదని ఊహించుటకు వీలు కలిగెడిది. ఒరిగినను తగ్గనిచో అది మరింత లోతున ఉన్నదని తెలిసెడిది. వైద్యుడు నాడి చూచి రోగమును ఊహించినట్లే యిది.

చిల్లి చేయుటలో రాతికంటెను, తుపానుకంటెను నేర్పుగల శత్రువు ఒకటి ఉన్నది. నావికులు దానిని ఓడపురుగు అనిరి. నిజమునకు అది పురుగు కాదు. ఆలుచిప్పలకు చుట్టమైన ప్రాణి. సన్నని బెజ్జముతో కొయ్యలో ప్రవేశించి, తలయందున్న రెండు చిన్న చిప్పలతో తొలుచుకొనుచు లోపలనే పెరుగును. పైకి కనబడునది గుండుసూది తలయంత రంధ్రము. లోపల బల్ల తేనెపట్టువలె డొల్లయై యుండును. వెచ్చని సముద్రములలో దీని పని మరింత చురుకుగా సాగును. పైకి చూచి పాత ఓడను నమ్మరాదను హెచ్చరిక నావికులకు ఈ ప్రాణి నేర్పిన పాఠము.

ఈ సంగతులన్నియు ఒకేచోట కనబడు ఉదాహరణము ఎండెవర్ అను ఓడ చరిత్ర. ఇది 1764లో ఇంగ్లండునందలి విట్బీ రేవున నేలబొగ్గు మోయుటకై కట్టబడినది. 1768లో అచటి నౌకాశాఖవారు దీనిని కొని, పురుగు తొలువకుండుటకై అడుగున పలుచని బల్లతొడుగును వేయించి, జేమ్స్ కుక్ వశము చేసిరి. ఆ సంవత్సరము ఆగస్టు 26న 94 మందితో అది ప్లిమత్ రేవును వదలెను. దాదాపు రెండేండ్లు సముద్రముల వెంట తిరిగిన పిమ్మట, 1770 జూన్ 11 రాత్రి పదకొండు గంటల వేళ, ఆస్ట్రేలియా ఈశాన్యతీరమున పగడపు దిబ్బపై ఎక్కి నిలిచిపోయెను.

ఓడ తగిలినది పోటు సమయమున. తరువాతి పోటునకైన తేలవలెనన్నచో బరువు తగ్గింపవలెను. ఆరు ఫిరంగులను, ఇనుమును, రాళ్ళను, పీపాలను, మొత్తము మీద నలుబది ఏబది టన్నుల బరువును సముద్రము పాలు చేసిరి. అయినను పగటి పోటునకు ఓడ కదలలేదు. ఈలోగా లోపల నీరు పెరుగుచుండెను. ఉన్న నాలుగు పంపులలో మూడు మాత్రమే పనిచేసెను. అందరును వంతులవారీగా వానిని త్రిప్పిరి. అప్పుడు కుక్ మనస్సున ఒక భయము కలిగెను. పగడపురాయి ఓడకు చిల్లి చేసినది నిజమే. కాని మునుగకుండ నిలిపియుంచినదియు ఆ రాయియే. దిబ్బను వదలిన వెంటనే ఓడ తేలునో, మునుగునో ఎవరు చెప్పగలరు? తీరము చాల దూరమున ఉన్నది. ఉన్న చిన్న పడవలు అందరికిని చాలవు. అయినను తెగించి, జూన్ 12 రాత్రి పోటున, పదిన్నర గంటలకు కొంచెము ముందుగా, లంగరుల త్రాళ్ళను బలముగా లాగి ఓడను లోతునీటిలోనికి దింపిరి.

అప్పుడు జరిగిన ఒక చిన్న సంగతిని కుక్ తన దినచర్యలో వ్రాసియుంచెను. పంపుగుంటలో నీటిని కొలుచుచున్న మనుష్యుడు సెలవు పుచ్చుకొనగా మరియొకడు ఆ పనికి వచ్చెను. మొదటివాడు లోపలి బల్లల మీదినుండి నీటిలోతును కొలుచుచుండెను. రెండవవాడు ఆ సంగతి తెలియక వెలుపలి బల్లవరకు కడ్డీని దించి కొలిచెను. రెండు కొలతలకును నడుమ 16 మొదలు 18 అంగుళముల భేదము. కొలది నిమిషములలో నీరు అడుగున్నర పెరిగినదని అందరును అనుకొనిరి. ధైర్యవంతులకు కూడ ఆశ తప్పెను. కొంతసేపటికి పొరపాటు బయటపడెను. ఊట పెరుగలేదు, కొలత మారినది. ఆ మాట వినగానే అలసిన చేతులకు మరల బలము వచ్చెను. తెల్లవారిన పిమ్మట చూడగా పంపులే నీటిపై గెలుపు సాధించుచుండెను. ఊట ఎంత అనుటకు ముందు ఎక్కడనుండి కొలిచితిమో చెప్పవలెనను సూత్రము ఇంతకంటె స్పష్టముగా మరెచ్చటను కనబడదు.

నీరు తోడుట ఒక పని. చిల్లిని మూయుట వేరొక పని. చిల్లి నీటిలోపల ఉన్నది. దానిని కంటితో చూచుటకు వీలులేదు. జోనతన్ మంక్‌హౌస్ అను యువకుడు అంతకు పూర్వము ఒక వర్తకపు ఓడలో పనిచేసియుండెను. ఆ ఓడకు గంటకు నాలుగడుగుల నీరు పెరుగు చిల్లి పడగా, వర్జీనియానుండి లండను వరకు దానిని సురక్షితముగా చేర్చిన ఉపాయము అతడు చూచియుండెను. కుక్ ఆ యువకునికే పని అప్పగించెను. ఒక తెరచాపపై సన్నగా తరిగిన నారను, ఉన్నిని ముద్దలు ముద్దలుగా అంటించి, పైన గొఱ్ఱెల పెంటను పూసిరి. ఆ తెరచాపను త్రాళ్ళతో ఓడ అడుగు క్రిందికి లాగి, ఇటు నటు జరపిరి. చిల్లిలోనికి దూకుచున్న నీరే ఆ నారను, ఉన్నిని లోపలికి లాగికొని తన దారిని తానే మూసికొనెను. చిల్లి ఎక్కడ ఉన్నదో మనుష్యునికి తెలియకున్నను నీటికి తెలియును గదా! మూడు పంపులకు లొంగని ఊట పిమ్మట ఒక్క పంపునకు లొంగెను.

తరువాత ఓడను తీరమునందలి ఒక నదీముఖమునకు చేర్చిరి. నేటి కుక్‌టౌన్ పట్టణము అచటనే ఉన్నది. అది గూగు యిమిదిర్ జాతివారి దేశము. పాటునీటిలో ఓడను ఒడ్డున నిలిపి చూడగా, పగడపురాయి నాలుగు బల్లలను తెగకోసి దూలమువరకు పోయినట్లు కనబడెను. అంచులు ఉలితో చెక్కినట్లుండెను. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, విరిగిన ఒక పగడపు ముక్క ఆ చిల్లిలోనే ఇరుకుకొని, సగము దారిని మూసియుండెను. వడ్రంగి జాన్ శాటర్లీయు, అతని తోడివారును క్రొత్తబల్లలు వేసిరి. కాని ఓడ పండుకొన్న తీరునుబట్టి దాని అడుగంతయు చూచుటకు వీలు కలుగలేదు. కనబడినంత బాగుచేసి, ఆగస్టు మొదటి వారమున బయలుదేరిరి.

కనబడని భాగము సంగతి ఆ సంవత్సరము చివర బటేవియాలో, అనగా నేటి జకార్తాలో, తెలిసెను. అచటి రేవు ద్వీపములలోని డచ్చివారి మరమ్మతుశాలలో ఓడను ఒరిగించి చూడగా, అడుగుదూలమునకు సమీపమున రెండు బల్లలును, మూడవదానిలో సగమును, ఆరడుగుల పొడవున అరిగి, అంగుళములో ఎనిమిదవ వంతు మందము మాత్రమే మిగిలియుండెను. ఓడపురుగు లోపలి దూలములలోనికి కూడ పోయియుండెను. బొటనవ్రేలి గోరంత మందము గల కొయ్యను నడుమ పెట్టుకొని, ఇంతమంది రెండు నెలలకు పైగా సముద్రము మీద నిద్రపోయిరి! ఊట తగ్గినది గనుక ఓడ బాగుగనున్నదని తలచుట ఎంత ప్రమాదమో దీనివలన గ్రహింపవచ్చును. బటేవియాలోని పనివారి నేర్పును కుక్ మెచ్చుకొనెను. కాని ఓడను బాగుచేసిన ఆ రేవే మనుష్యులకు మృత్యుస్థానమాయెను. అచట అంటుకొన్న జ్వరములు, రక్తవిరేచనములు తిరుగుప్రయాణమున అనేకులను బలిగొనెను. తెరచాప ఉపాయము చెప్పిన మంక్‌హౌస్, బల్లలు వేసిన శాటర్లీ ఇరువురును 1771 ఫిబ్రవరిలో మరణించిరి. వారు కాపాడిన ఓడ జూలైలో ఇంగ్లండు చేరెను.

పురుగును ఎదిరించుటకు ఐరోపావారు రాగిరేకును ఆశ్రయించిరి. 1761లో ఆంగ్లేయులు అలార్మ్ అను యుద్ధనౌకకు అడుగంతయు రాగిరేకులు తొడిగిరి. పురుగు నిజముగనే దగ్గరకు రాలేదు. కాని కొలది యేండ్లకు పరీక్షింపగా, రాగి తగిలినచోట ఇనుప మేకులు తినివేయబడియుండెను. ఉప్పునీటిలో రెండు లోహములు కలిసినప్పుడు విద్యుత్ప్రవాహము పుట్టి ఇనుము కరగిపోవునని నేడు మనకు తెలియును. పైకి మెరయుచున్న రేకు లోపలి కీడును కప్పిపుచ్చెను. ఇనుమునకు మారుగా రాగిమిశ్రమలోహపు మేకులను వాడుట అలవాటైన పిమ్మటనే, 1780 తరువాతి సంవత్సరములలో, ఈ చిక్కు తీరెను.

ఎండెవర్ ఓడలో అనుభవజ్ఞుని మాట విని ప్రాణములు దక్కించుకొనిరి. అట్టి మాటను వినకపోవుటవలన కలిగిన అనర్థమునకు రాయల్ జార్జ్ ఓడ నిదర్శనము. 1756లో నీటిలోనికి దింపిన ఈ నూరు ఫిరంగుల నౌక, 1782 ఆగస్టు 29న ఇంగ్లండు దక్షిణతీరమున స్పిట్‌హెడ్ వద్ద లంగరు వేసియుండెను. నీటిమట్టమునకు కొంచెము క్రిందనున్న ఒక గొట్టమును బాగుచేయవలసివచ్చెను. అందుకొరకు ఫిరంగులను ప్రక్కకు జరపి ఓడను ఒరిగించిరి. ఇది అలవాటైన పనియే. కాని ఒరిగిన వైపున ఫిరంగుల కిటికీలు తెరచియుండెను. ఆ వైపునుండియే సారాయి పీపాలను ఎక్కించుచుండిరి. నీరు కిటికీలగుండ లోపలికి వచ్చుచున్నదని వడ్రంగి పైయధికారికి రెండుమార్లు చెప్పినను అతడు లెక్కచేయలేదని బ్రతికి బయటపడిన యొక నావికుడు తెలిపెను. కొలది నిమిషములలో ఓడ మునిగెను. నౌకాధిపతి కెంపెన్‌ఫెల్ట్‌తో కూడ ఎనిమిది వందలకు పైగా జనము మరణించిరి. వారిలో ఓడ చూడవచ్చిన స్త్రీలును, పిల్లలును ఉండిరి. విచారణసభవారు దూలములు కుళ్ళి విరిగియుండునని నిర్ణయించి అధికారులను నిర్దోషులనిరి. తరువాతి చరిత్రకారులలో పలువురు తెరచిన కిటికీలనే కారణముగా చెప్పిరి. కారణము ఏదైనను, చిన్న మరమ్మతు కొరకు పాత ఓడను ఒరిగించునప్పుడు దాని బలమును, దాని తెరచిన ద్వారములను ముందుగా చూచుకొనలేదనుట నిర్వివాదము.

ఓడ అడుగును ఒరిగింపకయే చూచుటకు శ్రేష్ఠమైన మార్గము దానిని పొడినేలపై నిలుపుట. ఇందుకు మన దేశపు తీరములలో మట్టిగోది అను సులభసాధనము ఉండెడిది. పోటునీటిలో ఓడను త్రవ్విన గుంటలోనికి నడపి, వాకిట మట్టికట్ట వేసి, నీటిని తోడివేసెడివారు. పని ముగిసిన పిమ్మట కట్ట త్రవ్వి మరల పోటునకు ఓడను తేల్చెడివారు. గోదావరి ముఖమున యానాము చెంతనున్న మన కోరంగి ఇట్టి ఓడపనికి పేరుపొందిన రేవు. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభమున కలకత్తాకును ట్రింకోమలీకిని నడుమ పెద్ద ఓడలను ఎక్కించి బాగుచేయుటకు తగిన స్థలము కోరంగియేనని ప్రసిద్ధి. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు ఆ రేవును తుడిచిపెట్టెను. మిగిలినదానిని నది తెచ్చిన మేట పూడ్చెను. దేశదేశముల ఓడల చిల్లులు మూసిన ఆ పనివారి పేర్లు ఏ చరిత్ర గ్రంథమునందును మనకు దొరకవు.

ఎండెవర్ కథకు ఒక విచిత్రమైన ముగింపు ఉన్నది. 1775లో దానిని అమ్మివేసిరి. క్రొత్త యజమానులు లార్డ్ శాండ్విచ్ అను పేరు పెట్టిరి. అమెరికా స్వాతంత్ర్యయుద్ధ కాలమున, 1778లో, శత్రునౌకలకు అడ్డుకట్టగా న్యూపోర్ట్ రేవున ఆంగ్లేయులే దానిని బుద్ధిపూర్వకముగా ముంచివేసిరి. ఏ చిల్లిని మూయుటకు అంతమంది చేతులు బొబ్బలెక్కెనో, అట్టి చిల్లిని చివరకు మనుష్యులే చేసిరి. ఆ రేవునందలి శిథిలములలో ఒకటి ఎండెవరేనని 2022లో ఆస్ట్రేలియా జాతీయ నౌకాయాన ప్రదర్శనశాలవారు ప్రకటించిరి. అది తొందరపాటని అచట పరిశోధించుచున్న అమెరికా పండితులు అప్పుడు అభ్యంతరము తెలిపిరి. ఆ శిథిలమును నేటికిని ఓడపురుగు తినుచునే యున్నది.

కొయ్య ఓడల యుగము గడచినది. ఇనుము, ఉక్కు, గాజుపీచు వచ్చినవి. అయినను పాత పడవను బాగుచేయు వాని పని మాత్రము మారలేదు. నీరు కనబడినచోటును గాక, వచ్చినచోటును వెదకవలెను. కొలతను ఒకే స్థానమునుండి తీయవలెను. తాత్కాలికముగా మూసిన చిల్లిని బాగైనదిగా భావింపరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, కొయ్యను చేతితో తట్టి దాని బలమును చెప్పగల పనివాని మాటను పెడచెవిని పెట్టరాదు. సముద్రముమీద నిలిచి తిరిగివచ్చిన ప్రతి ఓడయు అట్టి పనివారి ఓపికకు ఋణపడియున్నది.